కాలిన మోటరుకు సాక్ష్యం ఎవరిది?

యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో సిద్దిపేట జిల్లా దుబ్బాక చుట్టుపక్కల వైండింగ్ షాపుల ముందు మోటర్లు వరుస కడతాయి. బోరులోంచి పైకి లాగిన సబ్‌మెర్సిబుల్ మోటర్లు, బావి గట్టు మీది మోనోబ్లాకులు, ఎండ ముదిరేకొద్దీ వాటి పక్కన కూలర్ మోటర్లు, టేబుల్ ఫ్యాన్లు. వీటిలో కొని ఏడాది నిండనివీ ఉంటాయి. కార్డు మీది తారీఖు ప్రకారం అవి వారంటీలో ఉన్నట్టే. అయినా కంపెనీ దగ్గరికి పోకుండా వైండింగ్ బల్ల మీదికి ఎందుకొచ్చాయని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "ఓల్టేజీతోని కాలింది సారూ, దానికి వారంటీ రాదంటున్నరు."

రైతుకు ఈ మాట చెప్పేది దుకాణదారు. దుకాణదారుకు చెప్పేది సిద్దిపేటలోనో హైదరాబాద్‌లోనో ఉన్న డీలరు. డీలరేమో కోయంబత్తూరులోనో రాజ్‌కోట్‌లోనో ఉన్న కంపెనీ నిబంధన చూపిస్తాడు. వ్యవసాయ పంపుల తయారీకి దేశంలో పేరున్న ఊళ్లు ఆ రెండూ. మోటరును విప్పి చూసి, ఫలానా కారణంతో కాలిందని రాసి సంతకం పెట్టిన మనిషి మాత్రం ఈ వరుసలో ఎక్కడా కనిపించడు.

విద్యుత్ వస్తువుల వారంటీల గురించి ఎవరు రాసినా బిల్లు అడగండి, ఐఎస్ఐ గుర్తు చూడండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి అంటారు. మంచి సలహాలే, కాదనను. అయితే దుబ్బాక లాంటి ఊళ్లో నిలబడి చూస్తే అసలు చిక్కు వేరే చోట ఉంది. చట్టంలో హక్కులకు కొరత లేదు. కొరతంతా రుజువుకే. తప్పు వస్తువుదా, కరెంటుదా, వాడినవారిదా అని తేల్చే ఆధారం కొన్నవారి చేతిలో ఉండదు. ఉన్న కాస్త ఆధారమూ రిపేరు మొదలుపెట్టగానే పోతుంది.

ముందు చట్టం సంగతి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనే ఒక పనికొచ్చే మాట ఉంది. ఏ పనికోసం కొంటున్నామో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొన్నప్పుడు, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలన్నది అందులోని షరతు. కార్డు మీద రాయకపోయినా అది ఉన్నట్టే లెక్క. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన డిసెంబరు 24నే ఏటా జాతీయ వినియోగదారుల దినోత్సవంగా జరుపుతున్నారు. దాని స్థానంలో తెచ్చిన 2019 చట్టం 2020 జూలై 20న అమల్లోకి వచ్చింది. లోపం సరిచేయడం, వస్తువు మార్చడం, డబ్బు వాపసు ఇవ్వడం, నష్టపరిహారం కట్టడం, వీటిలో ఏది తగితే అది ఆదేశించే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఉంది. బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమూ అలాంటిదే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద అట్ట వేలాడదీసినంత మాత్రాన లోపమున్న సరుకు విషయంలో ఈ బాధ్యత తప్పదు.

మోటరు కొన్న రైతు వినియోగదారుడేనా అన్న ప్రశ్న మొదట్లోనే ఎదురవుతుంది. వ్యాపారం కోసం కొన్నవారికి ఈ చట్టం వర్తించదు. కానీ సొంత కష్టంతో బతుకు వెళ్లదీసుకోవడానికి కొన్నది వ్యాపారం కిందికి రాదని చట్టమే వివరణ ఇచ్చింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీతను స్పష్టంగా గీసింది. అందుచేత రెండెకరాలకు బోరు మోటరు పెట్టుకున్న రైతు, ఇంటి ముందర గదిలో పిండి గిర్ని నడుపుకునే ఆమె, మిషన్‌కు మోటరు బిగించుకున్న దర్జీ వినియోగదారులే. పొరుగున సిరిసిల్లలో రెండు మరమగ్గాలు తానే నడుపుకునే పద్మశాలి కూడా ఆ లెక్కలోకే వస్తాడు. పదుల మగ్గాల మీద కూలీలను పెట్టి నడిపే యజమాని రాడు. దుబ్బాకకు ఇది చిన్న విషయం కాదు. చేనేత, బీడీలు, వ్యవసాయం మీద నడిచే ఊళ్లో విద్యుత్ వస్తువు సగం ఇంటి సామాను, సగం బతుకుతెరువు. ఫ్రిజ్ పాడైతే పాలు విరుగుతాయి. మోటరు కాలితే పంట పోతుంది.

ఇక కార్డు. వారంటీ కార్డులో ఇచ్చేది పెద్ద అక్షరాల్లో, తీసేసేది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద పదేళ్లు అని మెరిసే అంకె సాధారణంగా కంప్రెసర్ ఒక్కదానికే. మిగతా ఫ్రిజ్‌కు ఏడాదే. పదేళ్ల కంప్రెసర్ ఉచితంగా వచ్చినా గ్యాస్ నింపే ఖర్చు, మెకానిక్ కూలి, బండి కిరాయి ఎవరివో ఆ అంకె చెప్పదు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద అరవై నెలలని ఉంటే, అందులో మొదటి కొన్ని నెలలకే ఉచిత మార్పిడి, మిగతా కాలానికి కొత్త బ్యాటరీ ధరలో కొంత తగ్గింపు. ఇవి మోసాలని అనలేం, కార్డులో రాసే ఉంటాయి. కానీ దుకాణంలో నోటితో చెప్పేటప్పుడు "పదేండ్ల గ్యారంటీ అన్నా" అనే ఒక్క ముక్కే బయటికి వస్తుంది.

వీటన్నిటికన్నా బరువైనది ఓల్టేజీ షరతు. కరెంటు హెచ్చుతగ్గుల వల్ల జరిగిన నష్టానికి బాధ్యత లేదని దాదాపు ప్రతి కార్డులోనూ ఉంటుంది. అదే ఫ్రిజ్ తలుపు మీద మాత్రం స్టెబిలైజర్ అక్కర్లేదు, ఇన్ని వోల్టుల నుంచి అన్ని వోల్టుల దాకా నడుస్తుందని స్టిక్కర్ ఉంటుంది. 2019 చట్టం ఈ స్టిక్కర్‌కు విలువ ఇచ్చింది. వస్తువు ఇలా ఉంటుందని, ఇలా పనిచేస్తుందని చెప్పే ఏ ముఖ్యమైన ప్రకటన అయినా, వాగ్దానమైనా, వర్ణన అయినా వ్యక్త వారంటీయే అని నిర్వచించింది. స్టెబిలైజర్ లేకుండా నడుస్తుందని అమ్మి, తర్వాత స్టెబిలైజర్ పెట్టలేదు కాబట్టి వారంటీ లేదనే కంపెనీకి ఈ నిర్వచనమే ఎదురుతిరుగుతుంది. ఆ స్టిక్కర్‌ను పీకి పారేసే ముందు ఒక ఫోటో తీసుకోవడం కార్డును దాచుకోవడమంత అవసరం.

కార్డులోని షరతే అన్యాయమైనదని సవాలు చేయాలంటే దారి మారుతుంది. కొనుగోలుదారు మీద అసమంజసమైన భారం మోపే ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించే అధికారం రాష్ట్ర, జాతీయ కమిషన్లకే ఇచ్చారు, జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. అంటే వారంటీ ఇవ్వలేదని జిల్లాలో ఫిర్యాదు చేయొచ్చు, వారంటీ షరతే తప్పని అనాలంటే హైదరాబాద్ పోవాలి. ఎనిమిది వేల మోటరుకు అంత దూరం పోయేదెవరు? ఈ విభజన వెనక ఏ తర్కం ఉందో గానీ, పల్లె కొనుగోలుదారుకు మాత్రం అది తలుపు మూసినట్టే అయింది.

బిల్లు గురించి రెండు ముక్కలు. "బిల్లు కావాల్నంటే జీఎస్టీ పడ్తదన్నా, ఉత్త చిట్టీ అయితే ఇదే ధర" అనే బేరం దుబ్బాకలోనే కాదు, ఎక్కడైనా వినిపిస్తుంది. రెండు వందల రూపాయలు దాటిన అమ్మకానికి బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టం ప్రకారం తప్పనిసరి, కొనేవారు అడిగినా అడగకపోయినా. ఏడాదికి కోటిన్నర లోపు వ్యాపారంతో కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న దుకాణమైతే కొనేవారి నుంచి విడిగా జీఎస్టీ వసూలు చేయడానికే వీల్లేదు, పన్ను వేయకుండా సరఫరా బిల్లు ఇవ్వాలి. కాబట్టి ఆ బేరం చాలాచోట్ల వట్టిదే. అయితే ఇందులో ఇంకో మెలిక ఉంది. పల్లెల్లో మోటరు తరచూ ఉద్దెర మీద వస్తుంది, పంట అమ్మినాక లెక్క తీరుతుంది. అప్పటిదాకా ఉండేది దుకాణదారు ఖాతా పుస్తకంలో ఒక వరుస. బిల్లు రాసేసరికి మోటరు కాలిపోయి ఉండొచ్చు కూడా. ఉద్దెరైనా సరే, సరుకు దుకాణం దాటిన రోజే బిల్లు రాయాలి. బిల్లు మీద మోడల్‌తో పాటు సీరియల్ నంబరు ఉండాలి. నంబరు లేని బిల్లు ఏ మోటరుదో ఎవరూ చెప్పలేరు.

దుకాణదారును ఈ కథలో దొంగను చేయడం తేలిక, న్యాయం కాదు. మండల కేంద్రంలో మోటర్లమ్మే మనిషి రైతుకు ఉద్దెర ఇచ్చి, డీలరుకు నగదు కట్టి మధ్యలో నలుగుతుంటాడు. వారంటీ కింద మార్చి ఇస్తే కంపెనీ నుంచి తిరిగి వస్తుందో రాదో తెలియదు. చట్టం కూడా తయారీదారునీ అమ్మేవాడినీ వేరుగానే చూస్తుంది. లోపమున్న వస్తువు వల్ల మనిషికో ఆస్తికో హాని జరిగినప్పుడు తయారీదారుదే ప్రధాన బాధ్యత. తయారీ కంపెనీ ఎవరో తెలియకపోయినా, దానికి నోటీసు అందించలేకపోయినా, కంపెనీ ఇచ్చినదానికి మించి సొంతంగా హామీ ఇచ్చినా అమ్మినవాడి మెడకు చుట్టుకుంటుంది. "నాది గ్యారంటీ, నువ్వు తీస్కపో" అన్న మాట అంత బరువైనది.

ఇప్పుడు బల్ల మీది మోటరు దగ్గరికి వద్దాం. ఓల్టేజీ తగ్గితే మోటరు ఎందుకు కాలుతుంది? ఇండక్షన్ మోటరు తిప్పే బలం ఓల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. ఓల్టేజీ పదిశాతం తగ్గితే బలం ఇంచుమించు ఇరవై శాతం పడిపోతుంది. అదే నీటిని అదే ఎత్తుకు ఎత్తాలి కాబట్టి మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేడికి తీగ మీది పూత చెడుతుంది, చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా ప్రమాదం. మిగిలిన రెండింటి మీద మామూలుకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా భారం పడుతుంది. ఇది కాక, బోరులో నీళ్లు అడుగంటి మోటరు ఒట్టిగా తిరిగితే అదీ కాలుతుంది. సబ్‌మెర్సిబుల్‌ను చల్లబరిచేది దాని చుట్టూ ఉన్న నీళ్లే మరి. వీటన్నిటినీ ఆపాల్సింది స్టార్టర్‌లోని ఓవర్‌లోడ్ రిలే, ఫేజు పోతే ఆపే పరికరం. మాటిమాటికీ మోటరు ఆగుతోందని వాటిని తప్పించి నేరుగా తీగ కలిపేయడమూ పొలాల్లో మామూలే. అక్కడ తప్పు కంపెనీది కాదని ఒప్పుకోవాలి.

ఈ కారణాలన్నీ వైండింగ్ మీద ఒకే రకం మచ్చ వదలవు. అన్ని చుట్టలూ సమానంగా నల్లబడితే అది ఎక్కువ భారమో తక్కువ ఓల్టేజీయో కావచ్చు. స్టార్ కనెక్షన్ మోటరులో రెండు ఫేజుల చుట్టలు మాడి మూడోది మెరుస్తుంటే ఒక ఫేజు పోయిందని గుర్తు. డెల్టా కనెక్షన్‌లో ఒక ఫేజు చుట్టలే మాడతాయి. చుట్టంతా బాగుండి ఒక్క చోటే కరిగి గుంటపడితే, తీగ పూతలోనో చుట్టడంలోనో మొదటినుంచీ లోపం ఉండి ఉండొచ్చు. ఏళ్లుగా ఈ పని చేసే మేస్త్రీ దీన్ని చూపుతోనే చెప్పేస్తాడు. పుస్తకాల్లో ఉన్న విద్యే అతని కంట్లో ఉంది. అయితే అతను ఆ మాట చెప్పేది తీగ కోస్తూ. కాలిన రాగిని పీకి తక్కెడలో వేసి, కొత్త తీగ చుట్టి, సాయంత్రానికి మోటరు అప్పజెప్తాడు. పొలం ఎండుతోంది కాబట్టి రైతుకు కావాల్సిందీ అదే. ఆ సాయంత్రంతో కేసు ముగిసినట్టే. కంపెనీ వాళ్లు తర్వాత వచ్చినా "బయట విప్పించిన మోటరు, వారంటీ పోయింది" అంటారు. కమిషన్‌కు వెళ్లినా చూపించడానికి ఏమీ ఉండదు.

లోపం చూపుతో తేలనప్పుడు ఏం చేయాలో చట్టంలో ఉంది. కమిషన్ వస్తువు నమూనా తీసుకుని, సీలు వేసి, తగిన ప్రయోగశాలకు పంపాలి. ప్రయోగశాల 45 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. పరీక్ష రుసుము ఫిర్యాదుదారు కట్టాల్సి రావచ్చు. నలభై అయిదు రోజులు నీళ్లు లేకుండా ఏ వరి నిలుస్తుంది? ఇలాంటి చిక్కే విత్తనాల విషయంలో వచ్చినప్పుడు సుప్రీంకోర్టు రైతు పక్షాన ఒక మంచి మాట చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద వేసిన కేసులో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. కొన్న విత్తనమంతా రైతు చల్లేస్తాడు, పరీక్ష కోసం దాచిపెట్టుకోవాలని ఆశించలేం అంది కోర్టు. ప్రయోగశాల నివేదిక లేదన్న ఒక్క కారణంతో ఫిర్యాదును కొట్టేయడం కుదరదని తేల్చింది. కాలిన మోటరు విత్తనం కాదు నిజమే. కానీ పంట నిలుపుకోవడానికి సాక్ష్యాన్ని చేతులారా చెరిపేసుకోవాల్సిన స్థితి రెండుచోట్లా ఒకటే. మోటరు కేసుల్లో వాదించే వకీళ్లు ఈ తీర్పును వాడుకోవాలి.

అప్పటిదాకా చేయగలిగింది కొంత ఉంది. విప్పే ముందు కంపెనీ నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. ఇన్ని గంటల్లో మనిషి రాకపోతే రిపేరు చేయించుకుంటామని మెసేజ్ పెట్టాలి. నేమ్ ప్లేటు, సీరియల్ నంబరు, కాలిన చుట్టలు ఒకే ఫోటోలో కనబడేలా తీసి, మేస్త్రీతో నాలుగు వరుసలు రాయించి సంతకం చేయించుకోవాలి. మేస్త్రీ ఇంజనీరు కాదు. ఆ కాగితాన్ని కంపెనీ వకీలు ఎగతాళి చేయొచ్చు. అయినా ఏమీ లేనిదానికన్నా ఆ కాగితం నయం. కమిషన్లు సివిల్ కోర్టుల్లాగా సాక్ష్యాన్ని మరీ బిగించి చూడవు.

ఓల్టేజీయే కారణమని ఒప్పుకుందాం. అప్పుడు బాధ్యత గాలిలో కలిసిపోదు, కరెంటు ఇచ్చినవాళ్ల దగ్గరికి పోతుంది. వినియోగదారుల చట్టం చెప్పే సేవల్లో విద్యుత్ సరఫరా కూడా ఉంది. 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు, అనధికార వాడకం లెక్కగట్టడం, విద్యుత్ చౌర్యం లాంటి వివాదాలు వినియోగదారుల ఫోరాలకు రావని చెప్తూనే, సరఫరా సేవలో లోపం మీద ఫిర్యాదు చేయొచ్చని నిలబెట్టింది. 2003 విద్యుత్ చట్టం కింద విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) లోపలే ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దానిమీద విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. సిద్దిపేట జిల్లా దక్షిణ డిస్కం పరిధిలోది. కాబట్టి కంపెనీ ఓల్టేజీ అని రాసి ఇస్తే ఆ కాగితమే డిస్కం మీద ఫిర్యాదుకు మొదటి పేజీ అవుతుంది. కంపెనీలు నోటితో చెప్పి రాతలో ఇవ్వడానికి జంకేది కూడా ఇందుకే కావచ్చు.

ఇక్కడ తెలంగాణకే ప్రత్యేకమైన ఒక ప్రశ్న ఉంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. దానికి ముందు అందరూ ఒకేసారి ఆన్ కాకుండా ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం చేశారు. విడతల్లో వచ్చే కరెంటు కోసం ఊరి మోటర్లన్నీ ఒక్కసారిగా లేచి, ట్రాన్స్‌ఫార్మర్ పేలి, పది మోటర్లు ఒకేసారి కాలిన రోజులను దుబ్బాక రైతులు మరిచిపోలేదు. ఆ రోజులతో పోలిస్తే పరిస్థితి మెరుగే. లైను చివర ఉన్న పొలాల్లో మాత్రం ఓల్టేజీ గోడు ఇంకా ఉంది. ఆ ఓల్టేజీ ఎంతో చెప్పే మీటరు మాత్రం లేదు, రాష్ట్రంలో వ్యవసాయ కనెక్షన్లకు చాలామటుకు మీటర్లే లేవు కనుక. సబ్‌స్టేషన్లో ఫీడరు వారీగా రాసే లాగ్ పుస్తకం ఒక్కటే మిగిలిన ఆధారం. డిస్కం ప్రభుత్వ సంస్థ కాబట్టి ఫలానా రోజు ఫలానా ఫీడరు వివరాలు సమాచార హక్కు కింద అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. అది పొలం చివరి ఓల్టేజీ కాదు, సబ్‌స్టేషన్ దగ్గరిది. అయినా అక్కడే తగ్గి ఉంటే ఇక్కడ ఇంకా తగ్గినట్టే కదా.

బిల్లు కట్టని రైతుకు సరఫరాలో లోపం ఉందని అనే హక్కు ఉందా? డిస్కం తరఫు వకీలు మొదట అడిగేది ఇదే. నా మటుకు నాకు, ఉందనిపిస్తుంది. కరెంటు ఉచితం రైతుకే, డిస్కంకు కాదు. ఆ డబ్బు ప్రభుత్వం సబ్సిడీగా కడుతుంది. 1995లో వైద్య సేవల గురించి వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు, కొందరి దగ్గర డబ్బు తీసుకుని మరికొందరికి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడే అంది. అదే తర్కం ఇక్కడ ఎందుకు నిలబడదు?

ఫిర్యాదు ఎక్కడ వేయాలన్నది తర్వాతి మజిలీ. 2019 చట్టం చేసిన గొప్ప మేలు ఒకటుంది. ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. కంపెనీ కోయంబత్తూరుదైనా, ఆన్‌లైన్ సంస్థ బెంగళూరుదైనా, బిల్లు కింద ఏ ఊరి కోర్టు పేరు రాసి ఉన్నా ఈ హక్కు పోదు. చెల్లించిన ధర యాభై లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుమే లేదు. వకీలు లేకపోయినా ఫరవాలేదు. కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. నోటీసు అందిన మూడు నెలల్లో, ప్రయోగశాల పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో ఈ గడువు నిలవడం అరుదు.

కానీ దుబ్బాక మనిషికి జిల్లా అంటే ఏ జిల్లా? సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా అయింది. కలెక్టరేట్ వచ్చింది, పోలీసు కమిషనరేట్ వచ్చింది. వినియోగదారుల కమిషన్ మాత్రం ఉమ్మడి మెదక్ జిల్లాకు ఉన్నది ఉన్నట్టు సంగారెడ్డిలోనే ఉంది. దుబ్బాక నుంచి అది దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. వాయిదాకు ఒక కూలి రోజు, బస్సు కిరాయి, తిండి. నాలుగు వాయిదాలకు సబ్‌మెర్సిబుల్ రీవైండింగ్ ఖర్చు దాటిపోతుంది. కాగితాలు ఆన్‌లైన్లో పంపొచ్చు. అంతకుముందున్న ఈ-దాఖిల్ స్థానంలో 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ నడుస్తోంది. వీడియో ద్వారా విచారణ కోరే వెసులుబాటు కూడా చట్టంలో ఉంది. బీడీలు చుట్టి కొన్న మిక్సీ కోసం ఒక మహిళ వీడియో విచారణకు హాజరవుతుందని నమ్మడం కొంచెం కష్టం. కమిషన్ నెలకు రెండు రోజులు సిద్దిపేటలో కూర్చుంటే ఈ పోర్టళ్లన్నిటికన్నా ఎక్కువ పని జరుగుతుందన్నది నా అభిప్రాయం.

గెలిస్తే ఏం వస్తుందన్నదీ తెలిసి ఉండాలి. కొత్త వస్తువే రావాలని పట్టుబడితే నిరాశపడొచ్చు. 2006లో మారుతి కారు కేసులో సుప్రీంకోర్టు, చెడిన భాగం మార్చడమే వారంటీ షరతు అయినప్పుడు మొత్తం కారు మార్చమనలేం అంది. అందుకే మాటిమాటికీ చెడిపోతోందని చూపే జాబ్ షీట్లు అంత ముఖ్యం. ఒకే లోపానికి మూడుసార్లు వచ్చి పోయిన మెకానిక్ కాగితాలే కొత్త ఫ్రిజ్‌కు దారి.

1915 హెల్ప్‌లైన్ తెలుగులోనూ పలుకుతుంది. అది కోర్టు కాదు, కంపెనీతో మాట్లాడి పరిష్కారం అడుగుతుంది. పెద్ద కంపెనీలు అక్కడ తొందరగా కదులుతాయి. పేరు లేని సరుకు దగ్గర దానికీ చేతులు కట్టుబడతాయి. ఎండాకాలం రేకు కోసి, మోటరు బిగించి, గడ్డి పెట్టి అమ్మే లోకల్ కూలర్ అలాంటిదే. దానికి కార్డు ఉండదు. ఎర్తు సరిగా లేక, తడి రేకుకు కరెంటు వచ్చి ప్రాణాలు పోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. చట్టం ప్రకారం భాగాలు కలిపి బిగించినవాడూ తయారీదారే. కాబట్టి బ్రాండు లేదన్నది అతనికి రక్షణ కాదు. నీళ్లు కాగబెట్టే రాడ్ల విషయంలో ఐఎస్ఐ గుర్తు లేనివి కొనవద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2021 డిసెంబరులో హెచ్చరిక ఇచ్చింది. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో నకిలీదో తెలుస్తుంది. చలికాలం సంతలో చవగ్గా దొరికే రాడ్డు కొనేముందు ఆ ఒక్క నిమిషం ఖర్చు చేయొచ్చు.

రుజువు భారం గురించి బయటి దేశాలు ఏం చేశాయో చూడటం మంచిది. ఐరోపా సమాఖ్యలో వస్తువుకు రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంది. మొదటి ఏడాదిలో బయటపడిన లోపం అమ్మిననాటి నుంచే ఉన్నట్టు భావిస్తారు, కాదని చూపాల్సింది అమ్మినవాడు. బ్రిటన్‌లో 2015 చట్టం ఆరు నెలల దాకా ఇదే పద్ధతి పెట్టింది. మన 2019 చట్టం అమెరికా, ఐరోపాల నుంచి ఉత్పత్తి బాధ్యత లాంటి పెద్ద భావాలు తెచ్చుకుంది గానీ ఈ చిన్న వాక్యాన్ని తెచ్చుకోలేదు. మొదటి ఆరు నెలల్లో మోటరు కాలితే లోపం వస్తువుదేనని మొదలుపెట్టి, ఓల్టేజీ అనో ఒట్టిగా తిరిగిందనో కంపెనీయే నిరూపించాలంటే ఏం జరుగుతుంది? కంపెనీ మనిషి రెండో రోజే పొలానికి వస్తాడు, ఎందుకంటే సాక్ష్యం అప్పుడు అతనికి కావాలి. నేమ్ ప్లేటు పక్కన ఓల్టేజీ, కరెంటు నమోదు చేసే చిన్న చిప్ పెట్టడమూ వాళ్లకు కష్టమేం కాదు.

కేంద్రం కొన్ని దిక్కుల్లో కదులుతోంది. ఇంట్లో బిగించే వస్తువులకు వారంటీని కొన్న రోజు నుంచి కాక బిగించిన రోజు నుంచి లెక్కించమని 2024లో వినియోగదారుల వ్యవహారాల శాఖ కంపెనీలను కోరింది. దసరా ఆఫర్‌లో మోటరు కొని, బోరు వేసేదాకా ఇంట్లో పెట్టుకునే రైతుకూ అది అవసరమే. 2022 డిసెంబరు 24న రిపేరు హక్కు పోర్టల్ మొదలైంది. మొదటి నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. విడిభాగాలు, డ్రాయింగులు బయటి మేస్త్రీలకూ అందాలన్నది ఆ ఆలోచన. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం పోతుందనే షరతును కార్ల విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2014లోనే తప్పుపట్టింది. వైండింగ్ బల్ల దగ్గర ఈ రెంటికీ ఒకటే అర్థం: మేస్త్రీ విప్పినంత మాత్రాన రైతు హక్కు పోకూడదు. తర్వాత 2025లో వచ్చిన రిపేరు సూచీ నివేదిక మాత్రం మొబైల్ ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల దగ్గర మొదలుపెట్టింది. బోరు మోటరు దాకా అది ఎప్పుడొస్తుందో శాఖ చెప్పలేదు. ఆలోపు సంగారెడ్డిలో ఎవరో ఒకరు విత్తనాల తీర్పును చేతబట్టుకుని ఒక్క మోటరు కేసు గట్టిగా నడిపితే, శాఖ కన్నా ముందే దారి పడొచ్చు.